డాలరు పెన్షన్, నరసరావుపేట కాపురం

ఒక దేశంలో ఉద్యోగం చేసి ఇంకో దేశంలో వృద్ధాప్యం గడిపేవాళ్ల ఇంటి లెక్క మామూలు పెన్షనరు లెక్క కాదు. రాబడి ఒక కరెన్సీలో వస్తుంది, ఖర్చు ఇంకో కరెన్సీలో అవుతుంది. పన్ను రెండు చోట్లా అడుగుతారు. వైద్య బీమా మాత్రం చాలాసార్లు ఒక్కచోటే చెల్లుతుంది. పల్నాడులో ఈ లెక్క ఇప్పుడు చాలా ఇళ్లలోకి వచ్చింది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కుడి కాలువ కింద వరి, మిరప, పత్తి మీద నాలుగు డబ్బులు చూసిన రైతు కుటుంబాలు పిల్లల్ని ఇంజినీరింగుకు పంపాయి. వాళ్లలో ఒక వరస 1990ల్లో హెచ్1బి వీసాల మీద అమెరికా చేరింది. ఆ తరం ఇప్పుడు అరవైల్లో పడింది. వాళ్ల వెనకాల, ఆ తరవాతి వాళ్ల వెనకాల తల్లిదండ్రులు కూడా గ్రీన్‌కార్డుల మీద వెళ్లారు. దాంతో విశ్రాంత ప్రవాసులు రెండు రకాలయ్యారు. అక్కడ సంపాదించి ఇక్కడ ఉండాలనుకునేవాళ్లు కొందరు, ఇక్కడ సంపాదించి అక్కడ ఉండాల్సి వచ్చినవాళ్లు కొందరు.

ఈ సంవాదంలో ఆ రెండు రకాలకూ ఒక్కొక్కరు ప్రతినిధి. మాస్టారు గురజాల వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. 2004 సెప్టెంబరుకు ముందే ఉద్యోగంలో చేరారు కాబట్టి పాత పెన్షనే వస్తోంది. ఇప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో కొడుకు ఇంట్లో గ్రీన్‌కార్డు మీద ఉంటున్నారు. ఇంజినీరు ఆయన భార్యకు తమ్ముడు, మాచర్లలో పెరిగినవాడు. ముప్పై ఏళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, ఈ మధ్యే రిటైరయ్యాడు. నరసరావుపేటలో ఇల్లు చూసుకుని వచ్చేయాలని అతని పట్టు. రావద్దని మాస్టారి వాదన.

వాదన నెల ఖర్చుతో మొదలవుతుంది. ఇంజినీరు బలమంతా అక్కడే ఉంది. అమెరికా ప్రభుత్వ పెన్షన్ అయిన సోషల్ సెక్యూరిటీ రావాలంటే 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని ఉండాలి. 1960లో గాని ఆ తరవాత గాని పుట్టినవాళ్లకు పూర్తి మొత్తం అందే వయసు 67. 62కే మొదలుపెడితే 30 శాతం తగ్గుతుంది. 67 దాటాక ఆపుకుంటే 70 దాకా ఏడాదికి 8 శాతం పెరుగుతుంది. 2025లో రిటైరైన ఉద్యోగికి సగటున నెలకు అందుతున్నది సుమారు 2,000 డాలర్లు.

"రెండు వేల డాలర్లతో ఫ్రిస్కోలో ఇంటి పన్ను, ఇన్సూరెన్సు, కారు, కరెంటు పోగా ఏం మిగులుతుంది బావా? ఇంటి అప్పు తీర్చేసినా టెక్సాస్‌లో ఇంటి పన్ను తీరదు గదా. అదే డబ్బు పేటకు తెస్తే నెలకు లక్షా ఎనభై వేలు. అద్దె, వంటమనిషి, డ్రైవరు, మందులు అన్నీ పోను ఇంకా మిగులుద్ది."

మాస్టారు దీన్ని కాదనరు, ఆ లెక్క ఎన్నాళ్లు నిలుస్తుందో చూడమంటారు. "మారకం రేటు చూసి మురిసిపోమాక అబ్బాయ్. డాలరు పెరిగినట్టే ఇక్కడి ధరలూ పెరుగుతున్నై. నువ్వు సెలవులకొచ్చి చూసిన పేట వేరు, సంసారం పెట్టి చూసే పేట వేరు."

డాలరు మాట వరకు చరిత్ర ఇంజినీరు పక్షానే ఉంది. 1991 మొదట్లో డాలరుకు 20 రూపాయల లోపు ఉన్న రేటు 2025 డిసెంబరులో 90 దాటింది. పైగా సోషల్ సెక్యూరిటీని అమెరికా ధరలను బట్టి ఏటా సవరిస్తారు. 2023లో ఆ పెంపు 8.7 శాతం, 2026కు 2.8 శాతం. మన కరువు భత్యం లాంటిదే ఇది. అంటే నరసరావుపేటలో ఉండే డాలరు పెన్షనరుకు అక్కడి ధరల పెంపు, ఇక్కడి రూపాయి తగ్గుదల రెండూ కలిసొస్తాయి. నెల ఖర్చు ఒక్కటే గీటురాయి అయితే వాదన ఇక్కడే ముగియాలి.

ఇదే లెక్కను ఇంజినీరు తిరగేసి మాస్టారి మీద పెడతాడు. ఆయన పెన్షన్ 60,000 రూపాయలు అనుకుంటే ఫ్రిస్కోలో అది 670 డాలర్ల లోపే. గ్రీన్‌కార్డు మీద వెళ్లిన తల్లిదండ్రులకు 65 దాటగానే అక్కడి ప్రభుత్వం వృద్ధులకిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ రాదు. అక్కడ అయిదేళ్లు వరసగా ఉండాలి. అప్పుడైనా పని చేసిన క్రెడిట్లు లేవు కాబట్టి ఆసుపత్రి భాగానికి పూర్తి ప్రీమియం కట్టాలి. 2025లో అది మనిషికి నెలకు 518 డాలర్లు. డాక్టరు భాగానికి మరో 185. కొడుకు క్రెడిట్లు తల్లిదండ్రులకు పనికిరావు.

"మీ ఇద్దరికీ కలిపి నెలకు పద్నాలుగు వందల డాలర్ల పైనే బావా. మీ పెన్షన్ మొత్తం పోసినా ఒక్కరి ప్రీమియానికి చాలదు. అంతా పిల్లాడే మోస్తున్నాడు. ఊళ్లో ఉంటే మీరు నలుగురికి పెట్టగలిగిన మనిషి. అక్కడ కాఫీ పొడి అయిపోయినా కోడలికి చెప్పాలి, అక్క ఈ మాట మీతో అనలేదా?"

మాస్టారు నొచ్చుకోకుండానే బదులిస్తారు. "పిల్లాడు మమ్మల్ని పిలిపించేటప్పుడే సర్కారుకు పూచీకత్తు రాసిచ్చాడు. మేం సిటిజన్లయ్యేదాకా మా భారం వాడిదేనని కాగితం మీద ఉంది. ఇవాళ వాడికి భారమే, కాదన్ను. మనవడు డేకేర్‌కి పోకుండా మూడేళ్లు ఎవరి దగ్గర పెరిగాడో ఆ లెక్క కూడా రాయి మరి."

ఆ లెక్క రాయాల్సిందే. తాతయ్య, నానమ్మ చేసే చాకిరీకి విలువ కట్టకుండా వాళ్లను కొడుకు మీద ఆధారపడ్డవాళ్లుగా చూపడం న్యాయం కాదు. ఉద్యోగాలు చేసే దంపతుల ఇంట్లో చంటిపిల్లల సంరక్షణకయ్యే ఖర్చు ఇంటి అద్దెతో పోటీపడే దేశం అది. అయితే మనవడు బడికి వెళ్లే వయసు వచ్చాక ఆ పద్దు తగ్గుతుంది, ప్రీమియం పద్దు తగ్గదు. తల్లిదండ్రుల ఉనికి ఇంటికి ఎంత ఆదాయమో, ఎంత ఖర్చో ఏ ఏడాదికా ఏడాది మారుతుంటుంది. కుటుంబాలు దీన్ని పైకి మాట్లాడుకోవడానికి సంకోచిస్తాయి. మాట్లాడుకోనందువల్లే తరవాత మనసులు విరుగుతాయి.

అసలు చిక్కు వైద్యంలో ఉంది. ఇద్దరి జేబుల్లోనూ ఆరోగ్య కార్డులున్నాయి. మాస్టారి దగ్గర రాష్ట్ర ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే ఈహెచ్ఎస్ కార్డు ఉంది. అది నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో పనికొస్తుంది, ఫ్రిస్కోలో పనికిరాదు. ఇంజినీరు దగ్గర మెడికేర్ కార్డు ఉంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప మెడికేర్ అమెరికా బయట వైద్యానికి పైసా ఇవ్వదు, కాబట్టి నరసరావుపేటలో దానికి విలువ లేదు. ఎవరికి వారు తమ కార్డు చెల్లని చోట ఉండాలని వాదిస్తున్నారు.

ఇంజినీరుకు ఆసుపత్రి భాగం ఉచితమే, ఉద్యోగంలో కట్టిన పన్నుతో అది వచ్చేసింది. డాక్టరు భాగం దగ్గరే సందిగ్ధం. నరసరావుపేట వచ్చేశాక కూడా 2025 రేటున నెలకు 185 డాలర్లు కడుతూ ఉంటే వాడుకోని బీమాకు డబ్బు పోసినట్టు. మానేసి తరవాత మళ్లీ చేరితే, లేని ప్రతి పన్నెండు నెలలకు ప్రీమియం పది శాతం పెరుగుతుంది, ఆ పెంపు బతికినంతకాలం ఉంటుంది. అయిదేళ్లు మానేస్తే ప్రీమియం ఒకటిన్నర రెట్లు. మళ్లీ చేరడం కూడా మామూలుగా జనవరి నుంచి మార్చి లోపే.

"అయిదేళ్లకు పదకొండు వేల డాలర్లు ఊరికే కట్టాలా బావా?"

"ఊరికే ఎందుకు? వెనక్కి వెళ్లే దారి తెరిచి పెట్టుకోవడానికి. క్యాన్సరో, కిడ్నీనో అని తేలిననాడు నువ్వు పిల్లల దగ్గరికే పరిగెత్తుతావు. అప్పుడు చేతిలో బీమా లేకపోతే నీ అయిదేళ్ల మిగులు ఒక్క బిల్లుకి రాదు."

ఈ అంశంలో మాస్టారి మాటే నిలుస్తుంది. తిరిగొచ్చేవాళ్లు మొదటి రెండు మూడేళ్లయినా డాక్టరు భాగం వదులుకోకుండా ఉండటం మంచిది, ఊరు సరిపడిందో లేదో తేలేది ఆ కాలంలోనే. ఇక్కడి ప్రైవేటు బీమా కూడా వచ్చీ రాగానే తీసుకోవాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమాకు 65 ఏళ్ల పరిమితి తీసేశారు, ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా మూడేళ్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. అయినా షుగరు, బీపీ ఉన్న 67 ఏళ్ల మనిషికి మొదటి మూడేళ్లు బీమా సగమే తోడు. ఆ మూడేళ్లకు ఆసుపత్రి డబ్బు విడిగా, వెంటనే తీయగలిగేలా ఉంచుకోవాలి.

రోజువారీ వైద్యానికి నరసరావుపేటలో లోటు లేదు. ఉదయం డాక్టరును చూసి, మధ్యాహ్నానికి పరీక్షల రిపోర్టులు తీసుకుని, సాయంత్రం మందులు తెచ్చుకోవచ్చు. ఫ్రిస్కోలో అపాయింట్‌మెంటే వారాల తరవాత దొరకొచ్చు. గుండెపోటు లాంటిది వస్తే మాత్రం పెద్ద ఆసుపత్రికి గుంటూరు దాదాపు 45 కిలోమీటర్లు, మంగళగిరి ఎయిమ్స్ ఇంకా అవతల. మాచర్లలోనో, గురజాలలోనో సొంత ఇల్లుందని అక్కడే కాపురం పెట్టేవాళ్లకు ఈ దూరం రెట్టింపు పైనే. అందుకే పుట్టిన ఊరు కాకుండా నరసరావుపేట ఎంచుకోవడంలో ఇంజినీరు వివేకం కనపడుతుంది. మంచాన పడితే ఏమిటన్న ప్రశ్నకు కూడా అతని దగ్గర జవాబుంది. మెడికేర్ ఆసుపత్రి వైద్యానికి, ఆ తరవాత కొన్నాళ్ల నర్సింగుకు ఇస్తుంది గాని, ఏళ్ల తరబడి స్నానం చేయించి అన్నం పెట్టే సేవకు ఇవ్వదు. ఆ సేవ అమెరికాలో కొనాలంటే జీవితకాలపు పొదుపు కరిగిపోతుంది. ఇక్కడ ఒక మనిషిని పెట్టుకోగలరు. ఆ మనిషి నమ్మకంగా, నిలకడగా దొరకడమే కష్టం.

తరవాతి అంశం హోదా. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం చట్టప్రకారం పోతుంది. ఇంజినీరు మాచర్లలో పుట్టినా ఇప్పుడు భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు మీద ఉండే విదేశీయుడు. ఎన్నాళ్లయినా ఉండొచ్చు, పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. రిటైరై వచ్చి మూడెకరాల మిరప తోట కొని వ్యవసాయం చేస్తానని కలలు కనేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. బంధువు పేరున కొనడం దీనికి పరిష్కారం కాదు. బినామీ చట్టం ఒకవైపు, ఆ బంధువు పిల్లలు మరోవైపు ఉంటారు.

కాగితాల దగ్గర మరో ముడి పేర్లది. ఇక్కడ ఇంటిపేరు ముందుంటుంది, అమెరికా పాస్‌పోర్టులో చివరికి పోతుంది. తండ్రి పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్టులో మధ్య పేరు ఇంకోలా ఉంటుంది. ఆధార్ కావాలంటే ఓసీఐ ఉన్నవాళ్లు అంతకు ముందు పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండాలి. బ్యాంకు కౌంటరు దగ్గర గుమాస్తా ఈ కాగితాలన్నీ పక్కపక్కన పరిచి, వేలితో ఒక్కో అక్షరం మీదుగా వెళ్లి, "వీళ్లిద్దరూ ఒకరేనని అఫిడవిట్ తీసుకురండి" అంటాడు. అతని తప్పేం లేదు. రిటైరయ్యే ముందు ఏడాదిలోనే అన్ని కాగితాల్లో పేరు ఒక్క తీరుకు తెచ్చుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది.

పన్నుల దగ్గర ఇద్దరికీ బాధ సమానమే. అమెరికా తన పౌరులను, గ్రీన్‌కార్డుదారులను ప్రపంచంలో ఎక్కడ ఉన్నా లెక్క చెప్పమంటుంది. మాస్టారు తన పెన్షన్, ఇక్కడి డిపాజిట్ల వడ్డీ అక్కడి రిటర్నులో చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ సర్దుబాటు ఉంటుంది. ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విడిగా నివేదిక ఇవ్వాలి. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీని డిపాజిట్ చేసుకున్న మాస్టార్లలో చాలామంది ఆ గీత దాటినవాళ్లే. కౌలు డబ్బు సంగతి ఇంకా విచిత్రం. వ్యవసాయ ఆదాయానికి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, అక్కడ ఉంది.

ఇంజినీరుకు తిరిగొచ్చిన కొత్తలో వెసులుబాటు ఉంది. చాలా ఏళ్లు బయట ఉన్నవాళ్లను మొదటి రెండేళ్లు, కొన్నిసార్లు మూడేళ్లు, నివాసి అయినా సాధారణ నివాసి కాదని లెక్కిస్తారు. ఆ కాలంలో విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు. తరవాత అక్కడి రిటైర్మెంటు పొదుపైన 401కె ఖాతాలోంచి తీసే డబ్బు ఇక్కడా లెక్కలోకి వస్తుంది, అమెరికా బ్యాంకు ఖాతాలు, షేర్లు ఇక్కడి రిటర్నులో చూపాలి. 2015 నల్లధనం చట్టం కింద చూపకపోతే 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. సోషల్ సెక్యూరిటీ మీద మాత్రం 1989 నాటి పన్ను ఒప్పందం ప్రకారం అమెరికా ఒక్కటే పన్ను వేయాలి. ఎన్‌ఆర్‌ఈ ప్రవాస ఖాతా వడ్డీకి పన్ను లేదని నిశ్చింతగా ఉండేవాళ్లు కూడా, స్థిరపడడానికి వచ్చాక దాన్ని మామూలు ఖాతాగా మార్చాలని గుర్తుంచుకోవాలి.

తామింకా బతికే ఉన్నామని ఏటా రుజువు చేసుకోవడం మాస్టారికి మాత్రమే ఉన్న పని కాదు. పెన్షనర్ల డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబరులో వచ్చింది, 2021 నుంచి ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. మాస్టారు కిటికీ పక్కన వెలుతురు చూసుకుని నిలబడతారు, మనవడు ఫోను పట్టుకుని "తాతయ్యా, కళ్లు ఆర్పండి" అంటాడు. రెండు మూడుసార్లకు గాని ఆకుపచ్చ గుర్తు రాదు. విదేశాల్లో ఉండి సోషల్ సెక్యూరిటీ తీసుకునేవాళ్లకూ అక్కడి శాఖ ఏడాదికో, రెండేళ్లకో ఒక ఫారం పంపుతుంది. తిప్పి పంపకపోతే చెల్లింపు ఆగిపోతుంది. నరసరావుపేటలో అడ్రసు మారితే ఆ ఫారం చేరదు. తిరిగొచ్చినవాళ్ల రాబడి ఇలాంటి చిన్న కారణాలకే నిలిచిపోతుంది.

మాస్టారు చివరిదాకా అట్టిపెట్టుకున్న వాదన బంధువులది. "నువ్వు రాకముందే నీ డబ్బు గురించి ఊరికి తెలుసబ్బాయ్. ఒకడు పెళ్లికంటాడు, ఒకడు మిరపకు పెట్టుబడంటాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిస్తామంటారు. రాసిస్తారు కూడా. ధర పడిపోయిన ఏడు ఎవడు తెచ్చిస్తాడు?"

నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు డిపాజిట్ 7 శాతం దగ్గర ఉండగా ఇది ఆశపెట్టే మాటే. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లు, ఆలోగా తిరగరాయించకుండా, కొంత చెల్లయినా వేయించుకోకుండా ఉంటే ఆ తరవాత కోర్టులో చెల్లదు. మేనల్లుడి చేత నోటు తిరగరాయించడానికి మొహమాటపడి లక్షలు వదులుకున్న ఇళ్లు పల్నాడులో ఉన్నాయి. ఇంజినీరు దీనికి మంచి పద్ధతే చెప్పాడు. బంధువులకు ఏడాదికి ఇంత అని విడిగా తీసి పెడతాడు, అది ఇచ్చినదే గాని అప్పు కాదు. ఆ మొత్తం అయిపోతే మరుసటేడే. మాస్టారికి ఇది కఠినంగా అనిపించింది. అప్పు పేరుతో ఇచ్చి చుట్టరికం పోగొట్టుకోవడం కన్నా ఇది నయం.

రోజు గడిచే తీరు మీద ఇద్దరూ ఎక్కువ వాదించుకోరు. ఫ్రిస్కోలో కారు నడపని ముసలివాళ్లు కొడుకు సాయంత్రం వచ్చేదాకా ఇంట్లోనే. వారాంతంలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, తెలుగువాళ్ల పుట్టినరోజులు. నరసరావుపేటలో గడప దాటితే పలకరింపు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు. అయితే ముప్పై ఏళ్లు ఏసీలో ఉన్న ఒంటికి మే నెలలో పల్నాడు ఎండ మాటలా ఉండదు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అన్న మధ్యేమార్గానికి చట్టాలు కొంత సాయం చేస్తాయి. గ్రీన్‌కార్డుదారు ఆరు నెలల లోపు తిరిగి వెళ్తే ప్రశ్నలు తక్కువ, ఏడాది దాటితే ముందస్తు అనుమతి పత్రం లేకుండా హోదాకే ప్రమాదం. ఇంజినీరు ఇక్కడ 182 రోజుల లోపు ఉంటే మామూలుగా ప్రవాసిగానే మిగులుతాడు, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు మాత్రం ఆ గడువు 120 రోజులే. కానీ రెండు ఇళ్లు, రెండు బీమాలు, ఏటా విమాన ఖర్చులు, శంషాబాద్‌లో దిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా రోడ్డు ప్రయాణం. డెబ్బై అయిదు దాకా ఒళ్లు సహకరిస్తే బాగుంటుంది, ఆ తరవాత ఏదో ఒక చోటు ఎంచుకోక తప్పదు.

ఈ వాదనంతా విన్న మాస్టారి భార్య ఒకే ప్రశ్న వేసింది. "మీ ఇద్దరిలో ఎవరు ముందు పోయినా మా ఆడవాళ్లకు ఏం వస్తుందో చెప్పండి."

మాస్టారి తరవాత ఆమెకు వచ్చేది తగ్గిన ఫ్యామిలీ పెన్షన్. దాంతో అమెరికాలో ఒంటరిగా నిలబడడం కుదరదు, కొడుకు ఇల్లో, గురజాల ఇల్లో ఉండాలి. ఇంజినీరు భార్యకు ఇద్దరి సోషల్ సెక్యూరిటీల్లో పెద్దది మాత్రమే మిగులుతుంది, ఇంటి రాబడి ఒక్కసారిగా పడిపోతుంది. భార్య అమెరికా పౌరురాలు కాకపోతే, ఆ వివాహ బంధంలో అయిదేళ్లు అమెరికాలో నివసించి ఉంటే తప్ప ఇండియాలో ఉండగా ఆ చెల్లింపు అందకపోవచ్చు. అందువల్ల ఇంజినీరు పెన్షన్‌ను 67కే తీసుకోవాలా, 70 దాకా ఆపాలా అన్నది అతని ఒక్కడి ఆయుర్దాయం చూసి తేల్చే విషయం కాదు. అతను ఆపుకుని పెంచుకున్న మొత్తమే తరవాత భార్యకు ఆధారం.

ఇంజినీరు చివరికి రెండు విషయాలు ఒప్పుకున్నాడు. టెక్సాస్ ఇల్లు వెంటనే అమ్మకుండా అద్దెకిచ్చి, నరసరావుపేటలో మొదటి రెండేళ్లు అద్దె ఇంట్లో ఉంటాడు. డాక్టరు భాగం ప్రీమియం ఆ రెండేళ్లూ కడతాడు. మాస్టారు తన ఫ్రిస్కో నివాసం మార్చుకోలేదు గాని, గురజాల ఇల్లు అమ్మే ఆలోచన మానుకున్నారు. ఇక్కడి ఖాతాలు, అక్కడి ఖాతాలు, బీమాలు, నోట్లు, దస్తావేజులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆడవాళ్లిద్దరికీ రాసిచ్చే పని మిగిలింది. ఇక్కడి ఆస్తికి ఇక్కడ, అక్కడి ఆస్తికి అక్కడ వేర్వేరు వీలునామాలు ఉండటం మంచిది, ఒకటి రాసేటప్పుడు రెండోది రద్దు కాకుండా మాట రాయించాలి. బ్యాంకు ఖాతాల్లో 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. మొదటి పేరుగా భార్యది ఉండాలి, కాగితాల్లో ఆమె ఇంటిపేరు కూడా ఒక్క తీరునే ఉండాలి.